జీన్ జెన్నింగ్స్ చదువు కథ బడి పిల్లలకు ఎలా చెప్పాలి

దేవరకొండ దగ్గర ఒక జెడ్పీ హైస్కూల్‌లో నేను లెక్కల టీచర్‌ని. మా పిల్లల్లో సగానికి పైగా తండాల నుంచి వస్తారు. మిగతావాళ్ళవి పత్తి చేలు, బత్తాయి తోటలు, కూలి పని మీద బతికే ఇళ్ళు. ప్రపంచంలో మొట్టమొదటి కంప్యూటర్ ప్రోగ్రామర్లలో ఒకరైన జీన్ జెన్నింగ్స్ బాల్యం, చదువు గురించి ఏటా తొమ్మిది, పదో తరగతుల వాళ్ళకు చెప్తాను. మూడు పీరియడ్లు పడుతుంది. దసరా సెలవులు అయిపోయాక, పదో తరగతి స్పెషల్ క్లాసులు ఊపందుకోకముందే పెట్టుకుంటే మంచిది. మీ బడిలోనో, ఇంట్లో మీ పిల్లలకో చెప్పాలనుకుంటే నేను చేసే పద్ధతి ఇది.

మొదటి ఏడాది నేను యంత్రం దగ్గర మొదలుపెట్టాను. ఆమె పనిచేసిన ఎనియాక్ అనే కంప్యూటర్, 30 టన్నుల బరువు, దాదాపు 18,000 వాక్యూమ్ ట్యూబులు, ఒక పెద్ద గది నిండా అదే అని. పిల్లలు నోట్సులో రాసుకున్నారు, అంతే. పది నిమిషాలయ్యాక మూడో వరుసలోంచి ఒక అమ్మాయి లేచి, "మేడం, ఆమెది ఏ మీడియం?" అంది. వెంటనే ఇంకో పిల్ల, "వాళ్ళ నాయిన ఏం జేస్తడు?" తర్వాత ఇంకొకరు, "హాస్టల్ల ఉండి చదివిందా?" ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. పిల్లలు అడుగుతున్నది సరైన ప్రశ్నే. ఆ మనిషి ఎక్కడ పుట్టింది, ఏ బడికి పోయింది, ఇంట్లో ఎవరు పంపారు అన్నది తెలిస్తేనే వాళ్ళకు ఆ మనిషి కనపడుతుంది. అప్పటి నుంచి రెండో పీరియడ్ దాకా యంత్రం ఊసే ఎత్తను.

ముందే సర్దుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ప్రపంచ పటం, 20 పలకలు, సుద్ద ముక్కలు, రెండు రకాల తాడు, ఒక పాత పేపరు. పలకలు ప్రైమరీ స్కూల్ వాళ్ళను అడిగితే ఇస్తారు. తాళ్ళలో ఒకటి నులక, ఒకటి నైలాన్ వాడతాను, చూడగానే తేడా తెలియాలి. దొరికితే చేలో పిట్టల మీదికి రాళ్ళు విసిరే ఒడిసెల కూడా ఒకటి తెప్పించండి. జొన్న చేలు తగ్గిపోయి ఇప్పటి పిల్లల్లో చాలామంది దాన్ని చూడలేదు. తాతల ఇళ్ళల్లో అటక మీద ఉంటుంది, రెండు రోజుల ముందు చెప్తే ఎవరో ఒకరు తెస్తారు. బడిలో మాత్రం తిప్పనివ్వకండి.

మొదటి పీరియడ్: ఇల్లు, బడి, అక్క ఊరు

పటం మీద అమెరికా నడిమధ్యన మిస్సోరి రాష్ట్రం చూపించండి. అందులో జెంట్రీ కౌంటీ, అంతా వ్యవసాయం చేసుకునే ప్రాంతం. అక్కడ 1924 డిసెంబర్ 27న బెట్టీ జీన్ జెన్నింగ్స్ పుట్టింది. ఏడుగురు పిల్లల్లో ఆరోది. నాయన బడిపంతులు, వ్యవసాయం కూడా చేసేవాడు. ఇంతవరకు చెప్పి ఆగండి. మీలో ఏడుగురు పిల్లలున్న ఇల్లు ఎవరిది, అమ్మావాళ్ళ ఇల్లు అలా ఉండేదా అని అడగండి. ఐదు నిమిషాలు పోతాయి, పోనివ్వండి.

ఆమె మొదట చదివింది ఒకే గది ఉన్న బడి. ఇది మా పిల్లలకు విడమరిచి చెప్పనక్కర్లేదు. తండాలో ఒకే గదిలో ఒకే సారు ఐదు తరగతులకూ చెప్పిన బడిలోంచే చాలామంది వచ్చారు. ఒక గది బడిలో చిన్న తరగతిలో ఉండగానే పెద్ద తరగతి పాఠం చెవిన పడుతుంది కదా, అలా మీకు ముందే వచ్చేసిన లెక్క ఏదైనా ఉందా అని అడిగి చూడండి. ఎక్కాలు అలాగే నేర్చుకున్నామని చెప్పేవాళ్ళు ఉంటారు.

తర్వాత పాత పేపరు బయటికి తీయండి. జీన్ గుర్రమెక్కి నాయనమ్మ ఇంటికి పోయేది. ఆ నాయనమ్మ మనవరాలు చదువుకోవాలని రోజూ పేపరు కొనిచ్చేది. జీవితాంతం జీన్ ఆదర్శంగా చెప్పుకున్నది ఆ ముసలామెనే. పేపరులోంచి ఒక వార్త ఒక పిల్లతో గట్టిగా చదివించండి. మా బడిలో ఈ ఒక్క ముక్క చెప్పాక లైబ్రరీ పేపరు కోసం మధ్యాహ్నం పూట పిల్లలు నిలబడటం నేను చూశాను. ఆమె సాఫ్ట్‌బాల్ బాగా ఆడేదని, చుట్టుపక్కల ఆ ఆటతోనే పేరొచ్చిందని కూడా చెప్పండి. కబడ్డీ ఆడే ఆడపిల్లలకు ఆ మాట కావాలి.

ఊళ్ళో హైస్కూల్ లేదు. పక్క ఊళ్ళో అక్క ఇంట్లో ఉండి చదివింది. తర్వాత పద్నాలుగేళ్ళకే కారు నడుపుకుంటూ రోజూ పోయి వచ్చింది. ఇక్కడ కూడా ఆగాలి. చుట్టాల ఇంట్లో ఉండి చదువుతున్నవాళ్ళు ప్రతి క్లాసులో ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్ళను పేరు పెట్టి లేపొద్దు. మీరు చెప్తుంటే వాళ్ళకే తెలుస్తుంది.

1941లో స్టాన్‌బెరీ హైస్కూల్ పూర్తి చేసింది, క్లాసులో రెండో ర్యాంకు. అప్పుడామె వయసెంత అని అడిగితే పిల్లలందరూ ఒక్కసారే 17 అంటారు. పుట్టిన తేదీ చూడమనండి. డిసెంబర్ 27న పుట్టిన మనిషికి ఆ ఎండాకాలానికి 16 నిండాయి, అంతే. తీసివేత సరిగ్గా చేసినా జవాబు తప్పొచ్చని వాళ్ళకు ఇక్కడ తెలుస్తుంది. రెండో పీరియడ్‌లో ఇది పనికొస్తుంది.

కాలేజీ మేరీవిల్‌లో. అది టీచర్లను తయారుచేసే కాలేజీ, మన బీఈడీ కాలేజీల లాంటిది అని చెప్తే సరిపోతుంది. మొదట జర్నలిజం చదవాలనుకుంది. సలహా చెప్పే లెక్చరర్‌తో పొసగక గణితానికి మారింది. 1945లో డిగ్రీ చేతికొచ్చింది. ఆ బ్యాచిలో గణితం డిగ్రీ తీసుకున్నది ఆమె ఒక్కతే. ఇంటి దగ్గరే ఉండి లెక్కల టీచర్ అయిపొమ్మని ఆమెకు సలహా ఇచ్చారు. నేను టీచర్‌నే, నా పని మీద నాకు గౌరవం ఉంది. అయినా ఈ ముక్క చెప్పేటప్పుడు ఆడపిల్లల వైపు చూసే చెప్తాను. సలహా మంచిదే అయినా అది మనకు కావలసిందేనా అని ఆలోచించుకునే హక్కు ఇరవై ఏళ్ళ పిల్లకు ఉంటుంది.

ఆమె సైన్యానికి లెక్కలు కట్టే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. రమ్మని టెలిగ్రామ్ రాగానే అర్ధరాత్రి రైలెక్కి ఫిలడెల్ఫియా పోయింది. 1600 కిలోమీటర్ల పైనే. హైదరాబాద్ నుంచి ఢిల్లీ ఎంతో దాదాపు అంత దూరం. పీరియడ్ ఇక్కడే ముగించండి, రైలు దగ్గర. మిగతాది రేపు అనండి.

మీడియం ప్రశ్న వస్తే

కచ్చితంగా వస్తుంది. జీన్‌కు ఇంటి భాషా ఇంగ్లీషే, బడి భాషా ఇంగ్లీషే. ఈ మాట దాచకండి. దాచి ఆమె కష్టం మన కష్టం ఒకటే అంటే పిల్లలు నమ్మరు. దానికి బదులు ఆమెతో పనిచేసిన కే మెక్‌నల్టీ గురించి చెప్పండి. 1921లో ఐర్లండ్‌లో డోనెగల్ అనే చోట పుట్టింది. పుట్టిన రాత్రే తండ్రిని పోలీసులు పట్టుకెళ్ళారు. ఐర్లండ్ స్వాతంత్ర్యం కోసం కొట్లాడిన మనిషి ఆయన, రెండేళ్ళు జైల్లో ఉన్నాడు. 1924లో కుటుంబమంతా అమెరికా వలసపోయింది. అక్కడ ఆయన రాతిపని మేస్త్రి. కే అమెరికాలో అడుగుపెట్టిన నాడు ఒక్క ఇంగ్లీష్ ముక్క రాదు, ఐరిష్ ఒక్కటే వచ్చు. ఆ పిల్లే 1942లో గణితం డిగ్రీ తీసుకుంది. చిన్నప్పుడు ఐరిష్‌లో నేర్చుకున్న ప్రార్థనలు మాత్రం చనిపోయే దాకా మరిచిపోలేదు.

ఇది చెప్పిన రోజు తండా నుంచి వచ్చే ఒక బాబు, క్లాసులో నోరు విప్పనివాడు, "మేము గూడ సేవాలాల్‌కు మొక్కేది మా భాషలనే మేడం" అన్నాడు. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీష్ మధ్య నలిగే పిల్లలకు కే మెక్‌నల్టీ ఎంత దగ్గరి మనిషో నాకు ఆ రోజు అర్థమైంది. పాలమూరు నుంచి పనికోసం ముంబై, పుణె పోయి మూడో తరగతిలో తిరిగొచ్చిన పిల్లలకూ అంతే.

రెండో పీరియడ్: ఒడిసెల లెక్క

1945లో కంప్యూటర్ అంటే మనిషి ఉద్యోగం పేరు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జీన్, కే లాంటి పదుల మంది అమ్మాయిలు ఫిరంగి గుండు ఏ దారిలో పోయి ఎక్కడ పడుతుందో చేత్తో లెక్క కట్టేవాళ్ళు. ఒక్క గుండు దారికి 30, 40 గంటలు పట్టేది. దీన్ని మాటల్లో చెప్తే పిల్లలకు ఎక్కదు, చేయించాలి.

ఒడిసెల చూపించి, దాంట్లోంచి రాయి పోయిందనుకోండి అని బోర్డు మీద రాయండి. ముందుకు సెకనుకు 20 మీటర్లు, పైకి సెకనుకు 20 మీటర్లు. నియమాలు మూడు. ఉన్న వేగంతో రాయిని ఒక సెకను జరుపు. గాలి తగిలి రెండు వేగాల్లోనూ పదో వంతు పోతుంది. భూమి లాగడం వల్ల పైకి పోయే వేగంలోంచి ఇంకో 10 పోతుంది. మళ్ళీ మొదటికి. గాలి నిజంగా ఇంత సులువుగా లెక్కకు రాదని పిల్లలకు చెప్పండి, మన పనికి ఇది చాలు.

మొదటి సెకను తర్వాత ఎత్తు 20. రెండో సెకనుకు 28. అప్పటికి పైకి పోయే వేగం మైనస్ 2.8 అవుతుంది, అంటే రాయి కిందికి తిరిగింది. మూడో సెకనుకు ఎత్తు 25.2. ఇక్కడిదాకా అందరికీ ఒకే జవాబు. నాలుగో సెకను దగ్గర క్లాసు రెండు ముక్కలవుతుంది. సగం మందికి 12.68, సగం మందికి 12.12. అర మీటరు పైనే తేడా.

నిరుడు ఒక అమ్మాయి 12.12 రాసి, పక్కపిల్ల పలక చూసి గబగబా తుడిచేయబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను. ఏం చేశావో మెట్టు మెట్టుగా చెప్పమన్నాను. "పదో వంతు తీసెయ్ అన్నరు కద మేడం. మైనస్ 2.8లకెళ్ళి 0.28 తీసేసిన. మైనస్ 3.08 వచ్చింది." ఆమె చేసింది అక్షరాలా నేను చెప్పిన పనే. గాలి వేగాన్ని తగ్గించాలి, మైనస్ 2.8 కాస్తా మైనస్ 2.52 కావాలి. నా నియమంలోనే తప్పుంది. "పదో వంతు తీసెయ్" అన్న చోట "0.9తో గుణించు" అని రాయమన్నాను. బోర్డు మీద ఆ పిల్లతోనే దిద్దించాను. ప్రోగ్రామింగ్ అంటే ఇదేనని అప్పుడు చెప్పాను. చేసేవాడికి సొంత తెలివి లేదనుకుని, ఒక్క అర్థమే వచ్చేలా ప్రతి మెట్టూ రాయాలి. తప్పు వస్తే చేసినవాళ్ళను తిట్టకుండా మెట్లు వెతకాలి.

అందుకని మీరు కూడా మొదట "తీసెయ్" అనే చెప్పండి. ఆ తప్పు వాళ్ళకు దొరకాలి. తుడిచేసుకునే పిల్లలను మాత్రం కనిపెట్టి ఉండండి, తప్పు జవాబు పలక మీద ఉంటేనే నేర్చుకోవడానికి వీలవుతుంది. టైమ్ ఉంటే ఒక జట్టుకు అర సెకను మెట్లతో ఇదే లెక్క ఇవ్వండి. జవాబు ఇంకా దగ్గరికి వస్తుంది, పని రెట్టింపవుతుంది. ఆ అమ్మాయిలకు 40 గంటలు ఎందుకు పట్టేదో ఇక అడగరు.

మూడో పీరియడ్: పలకలు, తాళ్ళు

ఇప్పుడు యంత్రం. ఎనియాక్‌లో అక్యుములేటర్లు అనేవి 20 ఉండేవి, ఒక్కోటి పది అంకెల సంఖ్యను పట్టుకుని ఉండేది, కూడేది. ఇప్పటి కంప్యూటర్ల లాగా సున్నా, ఒకటి కాదు, మనం రాసే మామూలు అంకెలతోనే నడిచింది. అందుకే పలకలు సరిగ్గా సరిపోతాయి. వరండాలో 20 మందిని నిలబెట్టండి. ఒడిసెల లెక్కకు నిజంగా కావలసింది నలుగురు: ఎత్తు, పైకి వేగం, దూరం, ముందుకు వేగం. మిగతావాళ్ళను గుణకారానికి, లెక్క సరిచూసుకోవడానికి పెట్టుకోండి.

నులక తాడు అంకెలు పోయే దారి. ఆ తాడు ఎవరి నుంచి ఎవరికి ఉంటే ఆ పలక మీద సంఖ్య చీటీ మీద రాసి అటే పంపాలి. నైలాన్ తాడు "ఇప్పుడు నీ వంతు" అని చెప్పడానికి, లాగితే పని మొదలుపెట్టాలి. నోటితో మాట్లాడకూడదు. ఎనియాక్‌లో కూడా అంకెలకు వేరే కేబుళ్ళు, పని మొదలుపెట్టే సంకేతానికి వేరే కేబుళ్ళు ఉండేవి. ఒకసారి లెక్క నడిచాక, ఇంకో లెక్క ఇచ్చి తాళ్ళు మార్చి కట్టమనండి. పావుగంట గొడవ అవుతుంది. ఎనియాక్‌కు కొత్త లెక్క ఎక్కించాలంటే రోజులు పట్టేదంటే అప్పుడు నమ్ముతారు. సరిగా కట్టాక మాత్రం అది సెకనుకు 5,000 కూడికలు చేసేది.

చేత్తో లెక్కలు కట్టే ఆ అమ్మాయిల్లోంచి ఈ యంత్రం కోసం ఆరుగురిని ఎలా ఎంచుకున్నారో ఇక్కడ చెప్పండి. జీన్ ఎంపికైనవాళ్ళ జాబితాలో లేదు, వెయిటింగ్ లిస్టులో రెండో పేరు. ముందున్నవాళ్ళు రాకపోతే చోటు దొరికింది. ఇంటర్వ్యూలో హెర్మన్ గోల్డ్‌స్టైన్ అనే అధికారి కరెంటు గురించి ఏమనుకుంటున్నావని అడిగాడు. ఫిజిక్స్ చదివాను, ఓమ్ నియమం తెలుసు అంది. ఆయన అడిగింది అది కాదు, కరెంటంటే భయమా అని. భయం లేదంది. ఈ ప్రశ్న మీ పిల్లలనూ అడగండి. పదో తరగతి వాళ్ళు ఓమ్ నియమం అప్పజెప్తారు. మా బడిలో ఒక అమ్మాయి మాత్రం, "బాయి కాడ స్టార్టర్ నేనే వేస్త మేడం, చెప్పులేసుకొని, కట్టెతోని" అంది. దానికంటే మంచి జవాబు నేనింకా వినలేదు.

జీన్ జెన్నింగ్స్, కే మెక్‌నల్టీ, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, రూత్ లిక్టర్మన్, ఫ్రాన్సెస్ బిలాస్. ఆరుగురి పేర్లూ బోర్డు మీద రాయండి, పిల్లలతో చదివించండి. మొదట్లో వాళ్ళను యంత్రం ఉన్న గదిలోకి కూడా రానివ్వలేదు, సైన్యం రహస్యం కనుక. చేతికి వైరింగ్ బొమ్మలు ఇచ్చారు. పాఠ్యపుస్తకం లేదు, నేర్పేవాళ్ళు లేరు. ఆ బొమ్మలు చూసే అర్థం చేసుకున్నారు. 1946 ఫిబ్రవరి 15న యంత్రాన్ని లోకానికి చూపించారు. సేవాలాల్ జయంతి కూడా అదే తేదీ కాబట్టి మా తండా పిల్లలు దాన్ని మరిచిపోరు. ఆ రోజు నడిచిన గుండు దారి లెక్కను ఎక్కించింది జీన్, బెట్టీ స్నైడర్. నిజం గుండు నేలను తాకడానికి పట్టే సమయం కన్నా తక్కువలో, దాదాపు 20 సెకన్లలో జవాబొచ్చింది. రాత్రి పెద్ద విందు జరిగింది. ఈ అమ్మాయిలను పిలవలేదు. నలభై ఏళ్ళ తర్వాత కాథీ క్లీమన్ అనే విద్యార్థిని పాత ఫోటోల్లో ఈ ఆడవాళ్ళను చూసి ఎవరని అడిగితే, ఫోటో అందం కోసం నిలబెట్టిన మోడళ్ళు అని చెప్పారు. ఆమె ఊరుకోకుండా వెతికి పట్టుకుంది కాబట్టే ఈ పేర్లు మన బోర్డు మీదికి వచ్చాయి.

ఇంటికి పని ఒకటే ఇవ్వండి. ఇంట్లో గానీ వాడలో గానీ ఒక ఆడమనిషి చదువు కథ రాసుకు రావాలి. ఏ ఊరి బడి, ఎంతవరకు, ఎవరు చేర్పించారు, ఎందుకు ఆగింది. పుట్టిన సంవత్సరం తెలియకపోతే ఏ పంటప్పుడు, ఏ కరువప్పుడు అని రాసినా పర్వాలేదు. వీటిని క్లాసులో గట్టిగా చదివించకండి. ఒక ఏడాది చదివించాను, తన తల్లి కథ చదువుతూ ఒక పిల్ల మధ్యలో ఆగిపోయింది, క్లాసంతా చూస్తుండగా. ఆ తప్పు నాదే. ఇప్పుడు నేనొక్కదాన్నే చదివి, కింద రెండు మాటలు రాసి తిరిగిస్తాను.

అదే రోజు పదో తరగతి వాళ్ళ చేతిలో ఒక కాగితం పెట్టండి. పదో తరగతి మార్కుల మీద సీటిచ్చే బాసర ట్రిపుల్ ఐటీ, పాలిటెక్నిక్ కోసం పాలీసెట్, గురుకుల జూనియర్ కాలేజీలు, దగ్గర్లో ఎంపీసీ ఉన్న ప్రభుత్వ కాలేజీ. ఆ ఏడాది దరఖాస్తు తేదీలు మీరే చూసి నింపండి. ఆడపిల్లలకు ఆర్టీసీలో టికెట్ లేదు కాబట్టి ఛార్జీ గురించి ఇంట్లో అడగరు. చివరి బస్సు ఎన్నింటికని అడుగుతారు. ఆ టైమ్ కూడా రాయండి.